కుండీ చిన్నదైందని మొక్క మీతో చెప్పిందా?

మనవాళ్లకి ఒక మొక్క మీద ప్రేమ పుట్టిందంటే మొదట చేసే పని దానికో పెద్ద కుండీ కొనడం. ఎదిగే పిల్లాడికి ఒక సైజు పెద్ద చొక్కా తీసుకున్నట్టు. మందారానికి, గులాబీకి, కరివేపాకుకి ఆ లెక్క బాగానే నడుస్తుంది. జేడ్, హవర్తియా, ఎచెవేరియా, కలబంద లాంటి సక్యులెంట్ల (ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్కల) దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రేమే వాటి ప్రాణం మీదకి తెస్తుంది. ఇన్నాళ్లుగా బాల్కనీలో వీటిని పెంచుతూ, చుట్టుపక్కల వాళ్లు తెచ్చి చూపించిన మొక్కల వేళ్లు విప్పి చూస్తూ వచ్చాక నాకు గట్టిగా అనిపించే మాట ఇది: సక్యులెంట్‌కి కుండీ మార్చేది మట్టి పాడైనందుకు. కుండీ చాలకపోవడం అనేది చాలా అరుదుగా వచ్చే కారణం. ఈ మాట ఒప్పుకుంటే ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి అన్న రెండిటికీ దారి దొరుకుతుంది. ఒప్పుకోని వాళ్ల కోసమే ఈ వ్యాసం.

ముందు పెద్ద కుండీ సంగతి చూద్దాం. నాలుగంగుళాల కుండీలో ఉన్న ఎచెవేరియాని తీసి ఎనిమిదంగుళాల దాంట్లో పెట్టారనుకోండి. వెడల్పూ లోతూ రెండూ రెట్టింపయ్యాయి కాబట్టి మట్టి ఎనిమిది రెట్లు అయింది. వేళ్లు మాత్రం నిన్నటివే. మీరు పోసే నీళ్లు మొత్తం మట్టిని తడుపుతాయి, వేళ్లు తాగేది వాటి చుట్టూ ఉన్న కాస్తంతే. మిగతా తడి ఎవరికీ అక్కర్లేకుండా రోజుల తరబడి అలాగే కూర్చుంటుంది. తడి నిండిన మట్టిలో గాలికి చోటుండదు. గాలి లేని చోట వేరు ఊపిరాడక నీరసిస్తుంది. నీరసించిన వేరు మీద పిథియం, ఫైటోఫ్తోరా లాంటి సూక్ష్మజీవులు చేరతాయి. మన రైతులు వేరుకుళ్లు అనేది దీన్నే. మిరపకి వస్తే పొలంలో తెలుస్తుంది. సక్యులెంట్‌కి వస్తే తొందరగా తెలియదు, ఎందుకంటే ఆకుల్లో దాచుకున్న నీళ్లతో వేళ్లు పోయాక కూడా అది కొన్ని వారాలు బాగున్నట్టే కనిపిస్తుంది. "నిన్నటిదాకా బాగుందండీ, రాత్రికి రాత్రే పోయింది" అంటారు. రాత్రికి రాత్రి పోలేదు. పెద్ద కుండీలో పెట్టిన నాడే మొదలైంది.

"అడుగున గులకరాళ్లు పరిచాను కదా, నీళ్లు దిగిపోతాయిగా" అన్నది దీనికి అందరూ ఇచ్చే జవాబు. దిగిపోవు. సన్నటి మట్టి నీళ్లని పట్టి ఉంచుకుంటుంది. కింద పెద్ద రాళ్లు ఉంటే, పైనున్న మట్టి పూర్తిగా నిండేవరకూ ఆ నీళ్లని రాళ్లలోకి వదలదు. అంటే రాళ్ల పొర వల్ల తడి నిలిచే చోటు కిందికి పోదు, ఇంకాస్త పైకి, వేళ్లకి దగ్గరగా వస్తుంది. నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. కుండీకి నిండా నీళ్లు పోసి, అడుగు రంధ్రం నుంచి చుక్కలు ఆగేదాకా ఉండండి. ఆగాక కుండీని ఒక పక్కకి బాగా వంచండి. మళ్లీ నీళ్లు కారతాయి. నిటారుగా ఉన్నప్పుడు అడుగున పేరుకుని బయటికి రాని తడి అది. వేళ్లు ఈ తడిలోనే కూర్చుని ఉంటాయి. వెడల్పాటి, లోతు తక్కువ పళ్లాల్లో నాలుగైదు రకాలు కలిపి పెట్టి అందంగా అమ్మేవి త్వరగా పోవడానికీ ఇదే కారణం. మట్టి లోతు తక్కువైతే అందులో ఎక్కువ భాగం ఈ తడి పొరే అవుతుంది.

ఇక రెండో వాదన, వేళ్లు ఇరుకైపోయాయని. కుండీ అడుగు రంధ్రం నుంచి వేరు కొస తొంగి చూడగానే జనానికి టెన్షన్ మొదలవుతుంది. మనీ ప్లాంట్‌కో, పామ్‌కో అయితే అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. కానీ ఈ జాతులు ఎక్కడివో ఒకసారి చూడండి. ఎచెవేరియాల్లో ఎక్కువ భాగం మెక్సికో కొండ చరియల మీద, రాతి పగుళ్లలో పెరుగుతాయి. హవర్తియాలు దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ల మధ్య. మన గుట్టల మీద బండ సందుల్లో పెరిగే జెముడుకి ఎవరు కుండీ మార్చారు? పిడికెడు మట్టి, దాని చుట్టూ రాయి, ఏడాదిలో కొన్నాళ్లే తడి. వేళ్లు ఇరుకుగా ఉండటం వాటికి అలవాటే. పైగా ఇరుకు కుండీలో నీళ్లు త్వరగా అయిపోతాయి, అది వాటికి మేలు.

ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మన గుమ్మాల మీదే ఉంది. దిష్టి తగలకుండా కలబంద మొక్కని వేళ్లతో సహా పెకలించి తలకిందులుగా వేలాడదీస్తారు. కుండీ లేదు, మట్టి లేదు, నీళ్లు లేవు. నెలల తరబడి పచ్చగా ఉంటుంది, కొత్త ఆకు కూడా వేస్తుంది. కొన్ని పైకి వంగి వెలుగు వైపు తిరుగుతాయి కూడా. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, సక్యులెంట్ వేళ్లు గాలికి ఆరితే మొక్క చచ్చిపోదన్న సంగతి ప్రతి తెలుగు వీధిలో ఏదో ఒక షాపు ముందు రుజువవుతూనే ఉంది. ఆన్‌లైన్‌లో కాక్టస్ తెప్పించుకున్న వాళ్లకీ ఇది తెలుసు. మట్టి దులిపేసి, వేళ్లకి న్యూస్‌పేపర్ చుట్టి కొరియర్ చేస్తారు. వారం ప్రయాణం చేసి వచ్చినా దానికేం కాదు. అదే వారం తడి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడిలో), అట్టపెట్టెలో ఉండి ఉంటే సగం కుళ్లి దిగేది.

మట్టి ఎలా పాడవుతుంది

మట్టి పాడవడం అంటే ఏమిటన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. మన దగ్గర నాలుగు రకాలుగా పాడవుతుంది.

అన్నిటికన్నా ముందు కోకోపీట్. నర్సరీలో దొరికే చిన్న సక్యులెంట్లు దాదాపు అన్నీ దీంట్లోనే వస్తాయి. నర్సరీ వాళ్లని తప్పు పట్టలేం. పాలీహౌస్ కింద, వాన పడకుండా, నీళ్లు కొలిచి పోస్తారు. లారీలో పంపడానికి బరువు తక్కువ. వాళ్ల చోట అది సరైన మిశ్రమమే. మన ఇంటికి వచ్చాక రెండు రకాలుగా తిరగబడుతుంది. వానాకాలంలో తడి ఆరదు. ఎండాకాలంలో పూర్తిగా ఎండితే ముద్ద కుంచించుకుపోయి కుండీ అంచు నుంచి విడిపోతుంది. అప్పుడు నీళ్లు పోస్తే ఆ సందులోంచి జారి అడుగున పోతాయి, నడుమ ముద్ద ఎండుగానే ఉంటుంది. "రోజూ పోస్తున్నా ఆకులు ముడుచుకుంటున్నాయి" అనేవాళ్లలో కొందరి కష్టం ఇదే. కాలం గడిచేకొద్దీ కోకోపీట్ పొడి పొడిగా చివికి ఇంకా బిగుసుకుంటుంది.

అందుకే "కొత్త మొక్కని తెచ్చాక కుండీ మార్చొద్దు, ముందు అలవాటు పడనివ్వండి" అనే సలహాతో నేను ఏకీభవించను. అలవాటు పడాల్సింది వెలుగుకి. తడి కోకోపీట్‌కి అలవాటు పడమని ఏ మొక్కనీ అడగలేం. జూలైలో, ముసురు పట్టిన రోజుల్లో కొన్న హవర్తియాని ఇంటికి రాగానే కుండీలోంచి తీసి, కోకోపీట్ రాల్చి, ఆరబెట్టి వేరే మట్టిలో పెట్టేయడమే మేలు. వేళ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ జాలీ ముక్కో, స్పాంజి ముక్కో దొరుకుతుంది చూడండి. మొలక దశలో పెట్టినది అది. జాగ్రత్తగా కత్తిరించి తీసేయండి. అదే మొక్కని మేలో కొంటే మాత్రం ముట్టుకోకండి. నీడన పెట్టి, మితంగా నీళ్లిస్తూ వేడి తగ్గేదాకా గడపండి.

రెండోది ఎర్రమట్టి. తోట పని చేసే వాళ్లెవరిని పిలిచినా బస్తా ఎర్రమట్టి, బస్తా పశువుల ఎరువు కలిపి పెడతారు. గులాబీకి అద్భుతం. సక్యులెంట్‌కి పెడితే మొదటి కొన్ని నెలలు బాగుంటుంది, తర్వాత పైన గట్టిగా పెంకు కడుతుంది. నీళ్లు పైనే నిలిచి మెల్లగా దిగుతాయి. కడియం వైపు నుంచి వచ్చిన మొక్కలు కొన్నప్పుడు వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద నాకు చాలాసార్లు కనిపించింది. అది ఎండితే ఇటుకే. దాన్ని అలాగే ఉంచి చుట్టూ మంచి మిశ్రమం పోస్తే లాభం లేదు. చుట్టూ ఆరిపోతుంది, లోపల ముద్ద తడిగానే ఉంటుంది. నీళ్లలో నానబెట్టి ఆ ముద్దని పూర్తిగా కరిగించాల్సిందే.

మూడోది నీళ్లు. హైదరాబాద్‌లో మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లని పక్కన పెడితే, అపార్ట్‌మెంట్లలో చాలావరకు బోరు నీళ్లే. కుండీ అంచు మీద, మట్టి పైన తెల్లటి పొర కడుతుంది. అది ఆరిపోయిన నీళ్లు వదిలేసిన ఉప్పు, సున్నం. మట్టి కుండీ అయితే బయటి గోడ మీద కూడా కనిపిస్తుంది. ఇక ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకి పోసేవాళ్లు ఉన్నారు. ఆ నీళ్లలో ఉప్పు అసలు నీళ్ల కన్నా ఎక్కువ, ఎందుకంటే మిషన్ తీసేసిందంతా అందులోనే ఉంటుంది. బాత్రూం కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఈ బెడద లేదు, ఎండాకాలంలో అవి పట్టి పోస్తే మంచిది. ఉప్పు పేరుకున్న మట్టిలో వేరు కొసలు మాడిపోతాయి. అప్పుడు మొక్కకి ఎంత ఎరువు వేసినా లాభం ఉండదు.

నాలుగోది పిండినల్లి. ఆకుల మీద ఉండే తెల్ల పురుగు అందరికీ తెలుసు. వేళ్ల మీద ఉండే రకం ఇంకోటి ఉంది. మొక్క ఏ కారణం లేకుండా ఎదుగుదల ఆపేస్తే, కుండీలోంచి లాగి చూడండి. వేళ్ల మధ్య, కుండీ లోపలి గోడకి తెల్లటి మైనపు పొడి అంటుకుని ఉంటే అదే. మట్టిలో కలిపే తెల్లటి, తేలికైన పెర్లైట్ ముక్కలని చూసి కంగారు పడకండి. అవి నలిపితే పొడి అవుతాయి, పిండినల్లి నలిపితే జిడ్డుగా అంటుతుంది. ఇది కనబడితే ఏ కాలమైనా సరే, వేళ్లు కడిగి పాత మట్టి మొత్తం ఇంటి బయట పారేయాలి. పక్క కుండీలో వేశారా, అక్కడా మొదలు.

ఇవి కాక జనం కుండీ మార్చడానికి చెప్పే ఇంకో కారణం ఉంది. "సాగిపోయిందండీ, పొడుగ్గా, ఆకులు దూరం దూరంగా అయిపోయాయి, చోటు చాలట్లేదు." దానికి చాలనిది వెలుగు. హాల్లో టీవీ పక్కన పెట్టిన ఎచెవేరియాకి బంగారు కుండీ చేయించినా అలాగే సాగుతుంది. కిటికీ దగ్గరికి మార్చండి, కుండీని కాదు.

ముడతలు పడిన ఆకుని ఎలా చదవాలి

ఈ ఒక్కటి నేర్చుకుంటే సగం పని తెలిసినట్టే, అందుకే కాస్త ఆగి చెబుతాను.

ఆకు ముడత పడటానికి కారణం ఒక్కటే, లోపల నీళ్లు తగ్గడం. నీళ్లు ఎందుకు తగ్గాయన్నది మాత్రం రెండు రకాలు. మట్టిలో నీళ్లు లేవు, లేదా మట్టిలో నీళ్లున్నా తాగే వేళ్లు లేవు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం పూర్తిగా వ్యతిరేకం. అందుకని ఆకు చూసి ఏమీ నిర్ణయించకూడదు. అగరబత్తి కాలిపోయాక మిగిలే పుల్ల ఒకటి తీసుకుని కుండీ అడుగుదాకా గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. పొడిగా వస్తే దాహం. కుండీ అడుగు నుంచి కారేలా నీళ్లు పోయండి, రెండు మూడు రోజుల్లో ఆకు బిగుస్తుంది. పుల్ల తడిగా, మట్టి అంటుకుని వస్తే వేళ్లు పోయాయని అర్థం. ఇక్కడే చాలామంది ఇంకో చెంబు నీళ్లు పోసి కథ ముగిస్తారు. చేయాల్సిందల్లా మొక్కని బయటికి తీయడం. అప్పుడు ముహూర్తం చూడక్కర్లేదు.

పుల్ల పొడిగా వచ్చి, నీళ్లు పోశాక కూడా వారానికి ఆకు బిగుసుకోకపోతే? అప్పుడూ తీసి చూడాల్సిందే. ఎండకి నల్ల ప్లాస్టిక్ కుండీ వేడెక్కి, ఎండ పడే వైపు వేళ్లు ఉడికిపోయి ఉంటాయి, లేదా మట్టి ఎండి నీళ్లు లోపలికి ఇంకడం లేదు.

అడుగు ఆకులు ఒకటీ అరా ఎండి పలచబడటం మామూలే, ముసలి ఆకులు రాలతాయి. అదే అడుగు ఆకు పసుపు తిరిగి, మెత్తబడి, వెలుగుకి పెడితే లోపలంతా కనిపిస్తుంటే, ముట్టుకోగానే ఊడి వస్తుంటే కుళ్లు కాండం దాకా వచ్చినట్టు. అప్పుడు కుండీ మార్చడం కాదు, పైభాగం కోసి వేరే బతికించుకోవడమే.

వసంతంలో మార్చమంటారు, ఎవరి వసంతం?

"రెండేళ్లకోసారి, వసంతంలో" అని ప్రతిచోటా చదువుతాం. అది రాసినవాళ్లున్న చోట శీతాకాలమంతా చీకటి, గడ్డకట్టే చలి. మార్చి, ఏప్రిల్‌లో వెలుగు పెరుగుతుంది, మొక్క లేస్తుంది. న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లకి ఆ సలహా అక్షరాలా సరిపోతుంది. మన వసంతం ఉగాదితో మొదలై నేరుగా ఎండల్లోకి దిగుతుంది. వేళ్లు తెగిన ఎచెవేరియాని ఏప్రిల్ నెల చివర తెలంగాణ ఎండలో నిలబెట్టడం ఏ రకంగా సాయం?

దీనికి కారణం ఈ మొక్కలు ఊపిరి తీసుకునే పద్ధతిలో ఉంది. మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరుస్తాయి. సక్యులెంట్లు చాలావరకు పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, నీళ్లు ఆవిరై పోకుండా. రాత్రి పీల్చిన గాలిని ఆమ్లంగా మార్చి దాచి, పగటి వెలుగులో వాడుకుంటాయి. ఈ సంగతికి మన నేలతో చిన్న బంధుత్వం ఉంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వాళ్ల తోట ఉండేది. అంతకుముందు దాన్ని నడిపిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లాక దాన్ని చూసుకున్న బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రవేత్త, మనం రణపాల అనే మొక్క ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని గమనించి లండన్‌లోని లిన్నియన్ సొసైటీకి రాశాడు. 1815లో అది అచ్చయింది. ఆ పులుపే రాత్రి దాచుకున్న ఆమ్లం. మీ పెరట్లో రణపాల ఉంటే మీరూ చూడొచ్చు.

ఈ పద్ధతి సాగాలంటే రాత్రులు చల్లబడాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో అర్ధరాత్రి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి. అప్పుడు ఎచెవేరియా, హవర్తియా లాంటివి దాదాపు పని ఆపేసి కూర్చుంటాయి. పని చేయని మొక్క కొత్త వేరు వేయదు, తెగిన వేరు మానదు. మృగశిర వచ్చి వానలు పడ్డాక వేడి తగ్గుతుంది గానీ గాలిలో తేమ. కోసిన చోటు ఆరదు, ఆరనిది కుళ్లుతుంది. అందుకని హైదరాబాద్‌లో నా లెక్క ఇది: దీపావళి నుంచి శివరాత్రి దాకా. ఎండ ఉంటుంది, మంట ఉండదు. రాత్రులు చల్లగా ఉంటాయి. మట్టి ఆరుతుంది. అందులోనూ కార్తీక మాసం మొదటి రోజులు చాలా మంచివి, ఎందుకంటే ఆ తర్వాత మూడు నెలలు మొక్క ఎదగడానికి మిగులుతాయి.

ఇది నెల్లూరుకి పనికిరాదు. అక్కడ అసలు వానలు అక్టోబర్, నవంబర్‌లోనే. తుపానులు కూడా అప్పుడే. కోస్తాలో ఉన్నవాళ్లు సంక్రాంతి దాకా ఆగితే మంచిది. అనంతపురం వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కాస్త ముందే మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. అడీనియం (ఎడారి గులాబీ) లెక్క మళ్లీ వేరు. అది చలికి ఆకులు రాల్చి పడుకుంటుంది, వేడికి లేస్తుంది. దాన్ని శివరాత్రి దాటాక, కొత్త చిగుళ్లు కనిపించే వేళకి మార్చాలి. మన వసంతాన్ని ఒప్పుకునే మొక్క అది.

మార్చే పని

తెలిసి చేస్తే ఇది నల్లేరు మీద నడకే. మొదటి సూత్రం, ఎండిన మట్టిలోంచి తీయాలి. వారం ముందు నుంచే నీళ్లు ఆపేయండి. తడి మట్టి వేళ్లని పట్టుకుని తెంపుతుంది, ఎండింది దులిపితే రాలిపోతుంది. బంకమట్టి ముద్ద ఒక్కదాన్నే నానబెట్టాలి. మొక్కని మెడ పట్టుకుని పైకి లాగకూడదు. ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ నొక్కి, పక్కకి వంచి జారనివ్వండి.

పాత మట్టి మొత్తం తీసేయండి. "వేళ్లు కదిలిపోతాయి, ముద్దతో సహా పెట్టాలి" అనేది గులాబీకి చెప్పే మాట. మార్చేదే మట్టి కోసమైతే పాత మట్టిని లోపల మోసుకెళ్లడం దేనికి? వేళ్లు చూడండి. గట్టిగా, తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉంటే మంచివి. కలబందవి కాస్త పసుపుగా ఉంటాయి, అది జబ్బు కాదు. ఎండి బోలుగా ఉన్నవి లాగితే ఊడి వస్తాయి. హవర్తియాకి ఇవి చాలా ఉంటాయి, పాత వేళ్లని వదిలేసి కొత్తవి వేసుకోవడం దాని స్వభావం, కంగారు పడకండి. మెత్తగా, నల్లగా, వాసన వచ్చేవి మాత్రం కుళ్లినవి. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో, లోపల శుభ్రమైన రంగు కనిపించేదాకా కోయండి. కోసిన చోట పసుపు అద్దడం మనవాళ్ల అలవాటు, అద్దితే తప్పు లేదు. కాపాడేది మాత్రం ఆరబెట్టడమే. నీడలో, గాలి తగిలే చోట పేపర్ మీద రెండు మూడు రోజులు పడుకోబెట్టండి. కాండం కోయాల్సి వస్తే వారం. భయమేస్తే గుమ్మం మీది కలబందని తలుచుకోండి.

జెముడు జాతుల్లో చాలావాటికి పాలు కారతాయి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అడీనియం గన్నేరు కుటుంబానిదే, దాని రసం విషం. చేతికి గ్లౌజులు, పని అయ్యాక సబ్బు, చుట్టుపక్కల పిల్లలు లేకుండా చూసుకోవడం తప్పనిసరి.

కుండీ విషయంలో నాకు పెద్ద పట్టింపులు లేవు, రెండు తప్ప. అడుగున రంధ్రం ఉండాలి, వేళ్ల గుత్తి కన్నా చుట్టూ ఒక వేలు మందం మించి ఖాళీ ఉండకూడదు. చాలాసార్లు పాత కుండీనే కడిగి వాడేస్తాను. మట్టి కుండీ గోడల నుంచి కూడా తడి ఆరుతుంది కాబట్టి నీళ్లు ఎక్కువ పోసే చేతికి అది మంచిది. ఊళ్లు తిరిగే వాళ్లకి ప్లాస్టిక్ సుఖం. రంధ్రం లేని పింగాణీ కప్పులో మొక్కని బహుమతిగా ఇచ్చేవాళ్లు మొక్కని కాదు, దాని ఆయుష్షు లెక్కని ఇస్తున్నారు. కప్పు మీద మోజు ఉంటే, మొక్కని చిన్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి కప్పులో దించండి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి.

మిశ్రమం గురించి పది రకాల రెసిపీలు ఉన్నాయి. నాది మూడు పాళ్లలో రెండు పాళ్లు రాయి, ఒక పాలు ఎర్రమట్టీ వర్మీకంపోస్టూ కలిసింది, గుప్పెడు వేపపిండి. రాయి అంటే ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) దొరికితే సరే, ఖరీదు అనుకుంటే ఇటుక ముక్కలు. కందిపప్పు సైజు నుంచి శనగ సైజు దాకా కొట్టుకుని, దుమ్ము జల్లించి, కడగాలి. ఈ కడగడం దగ్గరే అందరూ బద్ధకిస్తారు. కట్టుబడి జరిగే చోటి నుంచి రోబో ఇసుక తెచ్చి అలాగే కలిపితే అందులోని రాతి పొడి నీళ్లకి సిమెంట్‌లా పేరుకుంటుంది. రోబో ఇసుకలో సన్నటిదంతా జల్లెడ కింద వదిలేసి, పైన మిగిలిన గరుకు రవ్వ మాత్రమే పనికొస్తుంది. నల్లరేగడి మాత్రం ఏ పాళ్లలోనూ వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి వేళ్లని తెంపుతుంది.

పొడి మిశ్రమంలో పెట్టి, కుండీని తట్టి సర్దండి, చేతి వేళ్లతో నొక్కి దట్టించకండి. మొక్క ఊగుతుంటే పైన నాలుగు రాళ్లు ఆనించండి. ఇక అసలు కష్టం, నీళ్లు పోయకుండా ఉండటం. కనీసం వారం. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే "నాటిన మొక్కకి నీళ్లు పోయకపోవడం ఏంట్రా" అని మీరు ఆఫీసుకి వెళ్లగానే ఒక చెంబు పోసేస్తారు, ముందే చెప్పి ఉంచండి. దులిపేటప్పుడు కంటికి కనిపించని సన్న వేళ్లు ఎన్నో తెగి ఉంటాయి. అవి మానకముందే తడి తగిలితే కుళ్లు లోపలికి దారి చేసుకుంటుంది. వారం తర్వాత మొదటిసారి అడుగు నుంచి కారేలా పోసి, మళ్లీ పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకండి. రెండు వారాలు నేరుగా మధ్యాహ్నపు ఎండ వద్దు. ఈలోగా ఆకులు కాస్త వాడినట్టు కనిపిస్తాయి. కనిపించనివ్వండి.

కుండీ నిజంగా చాలకపోయేవి ఉన్నాయి. కలబంద చుట్టూ పిల్లలు పుట్టుకొచ్చి కుండీ నిండిపోతే విడదీయాలి. అక్కడ కూడా పెద్ద కుండీ కన్నా పిల్లల్ని నలుగురికీ పంచడం నయం. మన నర్సరీల్లో లక్కీ జేడ్ అని అమ్మేది చాలాసార్లు పోర్చులకేరియా. దక్షిణాఫ్రికాలో అది ఏనుగులు మేసే పొద. కాస్త పెద్ద కుండీ ఇచ్చినా, వేడి పడినా తట్టుకుంటుంది. స్నేక్ ప్లాంట్ అయితే మట్టి కింద దుంపలా పాకే కాండంతో కుండీ గోడని తోస్తుంది. ప్లాస్టిక్ కుండీ గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందంటే ఆ మొక్క నిజంగానే చెబుతోంది. అది బయటికి రానంటే లాగి ఆకులు విరుచుకోకండి. ప్లాస్టిక్‌ని కత్తెరతో కోసేయండి, మట్టి కుండీ అయితే సుత్తితో ఒక దెబ్బ. పెంకుల్ని పారేయొద్దు. చిన్న ముక్కలుగా కొట్టి, దుమ్ము జల్లించి పక్కన పెట్టుకుంటే తర్వాతి మిశ్రమంలో ఇటుక ముక్కల బదులు సరిపోతాయి.